గోంగూర మడికి అడ్డొచ్చిన చెట్టు

ఏప్రిల్ మూడోవారం దాటాక మేరీలాండు, వర్జీనియా రోడ్లమీద కారు నడిపేవాళ్ళందరూ ఈ చెట్టును చూసే ఉంటారు. పెద్ద చెట్లు ఇంకా ఆకు తొడగకముందే, వాటి కింద పలచటి నీడలో, తెల్లటి పళ్ళేలు అంతస్తులు అంతస్తులుగా పరిచినట్టు పూసి నిలబడుతుంది. పేరు డాగ్‌వుడ్. ప్రతి ఏడూ చెర్రీపూల వేడుకకు వాషింగ్టను వెళ్ళి ఫోటోలు తీసుకుని వచ్చే మనవాళ్ళలో చాలామందిని, ఆ తర్వాత కొద్దిరోజులకు సొంత వీధిలోనే పూసే ఈ చెట్టు పేరు అడగండి. 'అదేదో తెల్లపూల చెట్టండీ' అంటారు. ఆ చెర్రీలు 1912 లో టోక్యో నగరం పంపిన కానుక. అందుకు బదులుగా 1915 లో అమెరికా వాళ్ళు టోక్యోకు పంపినవి ఏమిటో తెలుసునా? ఈ డాగ్‌వుడ్‌లే. ఇది వర్జీనియాకు రాష్ట్రపుష్పం, రాష్ట్రవృక్షం కూడా. ఉత్తర కరోలినాకు రాష్ట్రపుష్పం, మిస్సోరీకి రాష్ట్రవృక్షం. ఇంత మర్యాద దక్కిన చెట్టును మేమూ చాలాకాలం 'అదేదో చెట్టు' అనే అన్నాం. అనడంతో ఆగలేదు, ఒకదాన్ని కొట్టించాం కూడా. ఆ సంగతి మన సభ్యులతో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

1983 లో మేం ఈ ఇల్లు కొన్నప్పుడు వీధివైపు ఒకటి, పెరట్లో ఒకటి, రెండు డాగ్‌వుడ్‌లు ఉండేవి. అప్పటికి మనకు గోంగూర అంటే డబ్బాలో పచ్చడే. పెరట్లో మడి కట్టుకుని గోంగూర, బెండ, గుత్తివంకాయ పండించుకోవాలన్నది అపార్టుమెంటులో ఉన్న ఆరేళ్ళూ మేం కన్న కల. ఎండ తగిలే జాగా చూస్తే ఒక్కటే ఉంది. దానికి అడ్డంగా ఈ చెట్టు. 1984 మార్చిలో మనిషిని పిలిపించి కొట్టించేశాం. కంచె అవతల పక్కింటి పెద్దావిడ నిలబడి చూసింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. రంపం ఆగాక మాత్రం, 'ఇంకో నెల ఆగితే పూసేది' అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఏడు గోంగూర బ్రహ్మాండంగా వచ్చింది. సంఘం పిక్నిక్కుకు రెండు సంచులు తెచ్చి పంచాం. ఆ పచ్చడి తిన్నవాళ్ళు ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారు కాబట్టి పాపంలో వాళ్ళకూ కొంత వాటా ఉంది.

తేడా అక్టోబరులో తెలిసింది. అంతకు ముందటి ఏడు ఆ రోజుల్లో పెరటి కిటికీలోంచి చూస్తే రాబిన్ పిట్టలు ఇరవై ముప్పై ఒక్కసారి దిగి, ఎర్రటి పళ్ళు మింగి, గోలచేసి పోయేవి. ఆ ఏడు పెరడు నిశ్శబ్దంగా ఉంది. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. 'పిట్టలు మనమీద అలిగాయా?' అని అడిగింది. జవాబు తెలియక పక్కింటి పెద్దావిడనే అడిగాం. ఆవిడ బడిపంతులుగా పనిచేసి రిటైరయిన మనిషి. వరండాలో కూర్చోబెట్టి ఒక గంటసేపు పాఠం చెప్పింది. తర్వాత లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి, ఇన్నేళ్ళుగా చూసి, మేం తెలుసుకున్నదంతా ఆ పాఠానికి కొనసాగింపే.

డాగ్‌వుడ్ పళ్ళు ఎర్రగా, మెరుస్తూ, చూడముచ్చటగా ఉంటాయి. మనిషి నోట పెట్టుకుంటే పరమ చేదు. పిల్లలను తిననివ్వకండి, కడుపులో తిప్పుతుంది. కాని పిట్టలకు అవి దారిబత్తెం. శీతాకాలానికి ముందు దక్షిణానికి వలసపోయే పక్షులకు ఒంట్లో కొవ్వు పట్టాలి, ఈ పళ్ళలో కొవ్వు మెండు. వుడ్ థ్రష్ అనే పిట్ట ఈ అడవుల్లో వేసవి గడిపి మధ్య అమెరికాదాకా ఎగిరిపోతుంది. రాత్రివేళ సముద్రం దాటవలసిన ప్రాణికి తీపి పళ్ళతో పని జరగదు, నెయ్యిముద్దల్లాంటివి కావాలి. కనీసం 36 జాతుల పక్షులు డాగ్‌వుడ్ పళ్ళు తింటాయని అటవీశాఖవారి గ్రంథాల్లో ఉంది. రాబిన్, కార్డినల్, బ్లూబర్డ్, సీడర్ వాక్స్‌వింగ్, అడవి టర్కీ కోడి అందరూ ఆ జాబితాలోనివాళ్ళే. కింద రాలినవి ఉడతలూ, నక్కలూ, ఎలుగులూ ఏరుకుంటాయి. ఆకూ కొమ్మా జింకలకు, కుందేళ్ళకు. వసంతంలో పూమొగ్గలమీద ఒక చిన్న నీలిరంగు సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. దాని గొంగళిపురుగుకు ఆ మొగ్గలే భోజనం. మిగతా చెట్లకంటే ముందుగా సెప్టెంబరులోనే ఈ చెట్టు ఆకు ఎర్రబడుతుంది. 'పళ్ళు సిద్ధం, దిగండి' అని పైన పోయే పిట్టలకు అది జెండా ఊపడమని ఒక శాస్త్రజ్ఞుడి ఊహ. నిజమో కాదో గాని ఆ ఊహ మాకు నచ్చింది.

ఇంకో సంగతి విని మరీ నొచ్చుకున్నాం. డాగ్‌వుడ్ తన పుప్పొడితో తాను కాయదు. తేనెటీగో, ఈగో, చిన్న పురుగో ఇంకో చెట్టు పుప్పొడి తెచ్చి వేస్తేనే కాయ కడుతుంది. అంటే మా పెరటి చెట్టూ వీధిచెట్టూ ఒకదానికొకటి తోడు. ఒకదాన్ని మేం తీసేశాక రెండోది పూయడం పూసేది గాని కాయలు బాగా తగ్గిపోయాయి.

పువ్వు అన్నాం గాని, అదీ కాస్త వివరించాలి. మనం రేకులనుకునే నాలుగు తెల్లటివి రేకులే కావు. మన కాగితంపూల తీగలో రంగులన్నీ ఆకులవైనట్టే ఇక్కడా ఆకులే తెల్లబడ్డాయి. తెలుగు వృక్షశాస్త్ర పుస్తకాల్లో పుచ్ఛాలు అంటారు వీటిని. అసలు పూలు మధ్యలో గుత్తిగా ఉండే ఆకుపచ్చ పసుపు మొటిమలు, ఒక్కొక్కటీ ఆవగింజకు కాస్త పెద్ద. చలికాలమంతా మొగ్గను కప్పి కాపాడిన పెంకులే వసంతంలో సాగి తెల్లగా విచ్చుకుంటాయి. జనవరిలో కొమ్మల చివర చిన్న ఉల్లిపాయల్లా నిలబడి కనిపించేవి ఆ మొగ్గలే. పిల్లలకు చూపించవలసిన ఇంకో వింత ఉంది. ఆకును అడ్డంగా మెల్లగా చింపి రెండు ముక్కలూ కాస్త దూరం లాగితే, ఈనెల్లోంచి సన్నటి దారాలు సాగి కింది ముక్క జారిపోకుండా వేలాడుతుంది. ఏ చెట్టు డాగ్‌వుడ్డో పోల్చుకోవడానికి ఇంతకంటే సులువు లేదు. పూతలేని రోజుల్లో బెరడు చూడాలి, మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది.

కింద రాలిన ఆకులూ వృథా పోవు. వాటిలో సున్నం ఎక్కువ, ఎండుటాకు బరువులో నూటికి రెండునుంచి మూడున్నర పాళ్ళు. పైగా ఓక్ ఆకులకంటే చాలా త్వరగా కుళ్ళుతాయి. మట్టిలోని సున్నం ఈ చిన్నచెట్టు లాగి, పైమట్టిమీద పరుస్తుందన్నమాట. ఆ సున్నంతో నత్తలు గుల్ల కట్టుకుంటాయి, ఆ నత్తలను తిని పిట్టలు గుడ్డుకు పెంకు కట్టుకుంటాయి. మన ఊళ్ళల్లో కోడిపెట్టలకు ఆల్చిప్పల పొడి వేయడం చూసినవాళ్ళకు దీన్ని వేరే చెప్పక్కరలేదు. మా గోంగూర మొదటి ఏడు అంత బాగా రావడానికి కారణం కూడా, ఎన్నో ఏళ్ళుగా అక్కడ కుళ్ళిన ఆ ఆకులే అయి ఉంటుందని ఇప్పుడు అనుకుంటాం. మూడో ఏటికి ఆ మడి చప్పబడింది.

ఇక వీధివైపు చెట్టు సంగతి. 1986 వేసవిలో దాని కింది కొమ్మల ఆకులమీద ఊదారంగు అంచుతో మచ్చలు కనిపించాయి. నీళ్ళు చాలలేదేమో అనుకుని రోజూ సాయంత్రం గొట్టంతో ఆకులు తడిసేలా పోశాం. చేయకూడని పని సరిగ్గా అదే. అది బూజుజాతి తెగులు, ఆంత్రాక్నోస్ అంటారు. తడి ఆకుమీదే పాకుతుంది. 1970 దశకంలో ఇంచుమించు ఒకే రోజుల్లో తూర్పున న్యూయార్కు ప్రాంతంలోనూ, పడమట పసిఫిక్ తీరపు డాగ్‌వుడ్‌లమీదా ఇది బయటపడింది. ఆసియా నుంచి వచ్చిన మొక్కలతోబాటు ఇది కూడా దిగి ఉంటుందని నిపుణుల అనుమానం. కింది కొమ్మలతో మొదలుపెట్టి పైకి ఎక్కుతుంది, చివరికి మాను చస్తుంది. మనకు దగ్గరలోనే, ఫ్రెడరిక్ దాటాక ఉన్న కటాక్టిన్ కొండల పార్కులో 1984 లో లెక్క తీస్తే మూడింట ఒక వంతు డాగ్‌వుడ్‌లు అప్పటికే చచ్చి ఉన్నాయి. 1988 నాటికి చచ్చినవి ముప్పాతిక వంతు దాటాయి. మేం ఆ పార్కుకు పిల్లలతో ఆకురంగులు చూడడానికి ఏటా వెళ్ళేవాళ్ళం. ఎర్రదనం ఏడాదికేడాది తగ్గుతున్నదని గమనించాం గాని, కారణం ఎవరినీ అడగలేదు. మా వీధిచెట్టు 1989 వసంతంలో ఆకు వేయలేదు.

ఆ వేసవికి మా మామగారు చీరాల నుంచి వచ్చారు. వాళ్ళది మగ్గంమీద బతికిన కుటుంబం. ఆయన చిన్నతనంలో గుంటమగ్గంలో కూర్చుని నేసినవారే, తర్వాత బడిలో గుమాస్తా ఉద్యోగం చేశారు. చచ్చిన చెట్టును కోయించి, దుంగలు గరాజు పక్క పేర్పించాం, చలికాలం పొయ్యిలోకి పనికొస్తాయని. ఆయన పొద్దున్నే కాఫీ గ్లాసుతో బయటికి వచ్చి, ఒక దుంగ ఎత్తి, బరువు చూసి, కోసినచోట బొటనవేలితో రాసి చూశారు.

'అల్లుడుగారూ, ఇది పొయ్యిలోకి కాదండీ. నాడె కర్ర. పారెయ్యబాకండి' అన్నారు.

ఆయనకు డాగ్‌వుడ్ పేరు కూడా తెలియదు. మేం నవ్వి ఊరుకున్నాం. మరునాడు లైబ్రరీలో చూస్తే ఆయన మాట అక్షరాలా నిజం. 20వ శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో కొట్టిన డాగ్‌వుడ్ కలపలో చాలా భాగం నాడెలకే పోయేది. కరోలినా మిల్లులకే కాదు, ఇంగ్లండులో లాంకషైరు మిల్లులకూ ఎగుమతి అయ్యేది. మరమగ్గంలో నాడె నిమిషానికి వందకు పైగా సార్లు అటూ ఇటూ పరుగెత్తుతుంది. ప్రతిసారీ దెబ్బ తింటుంది, పడుగు పోగుల మధ్యనుంచి దూసుకుపోతుంది. మామూలు కర్రయితే పేళ్ళు లేచి పోగులు తెంపుతుంది. ఈ కర్ర పీచు సన్నం, గట్టితనం విపరీతం, పైగా వాడినకొద్దీ గాజులా నున్నబడుతుంది. లాంకషైరు గుడ్డ మన నేతగాళ్ళ పొట్ట ఎలా కొట్టిందో మామగారికి వాళ్ళ తాతలు చెప్పిన కథలు చాలా తెలుసు. ఆ గుడ్డ నేసిన నాడెల్లో ఈ చెట్టు కర్ర కూడా ఉందని చెబితే కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'కర్రదేముందండీ, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు నేస్తుంది' అన్నారు. నాడె లేని మగ్గాలు వచ్చాక ఆ గిరాకీ పోయింది.

ఆయన ఉన్న రెండు నెలల్లో ఆ దుంగల మర్యాద మారిపోయింది. నీడలో పెట్టించారు, చివరలకు కొవ్వొత్తి మైనం పూయించారు. ఎండలో ఆరితే చీలుతుందట. వెళ్ళేటప్పుడు మూరెడు ముక్క ఒకటి, బెరడు తీసి, పంచెలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నారు. మేం కొనిచ్చిన కెమెరా మాత్రం బరువని ఇక్కడే వదిలి వెళ్ళారు.

నాడెలే కాదు, సుత్తులు, చీలలు, పనిముట్ల పిడులు, పాతకాలపు గోల్ఫ్ కర్రల తలలు, దారపు కండెలు, అన్నిటికీ ఈ కర్ర వాడారు. పేరులోని డాగ్ కుక్క కాదని, మాంసం గుచ్చే పుల్లకు వాడే డాగ్ అనే పాతమాట నుంచి వచ్చిందని ఒక వాదన ఉంది. మా అమ్మాయి మాత్రం చాలాకాలం కుక్కచెట్టు అనే అంది. ఈ నేలవాళ్ళయిన ఇండియన్ తెగలు వేళ్ళ బెరడునుంచి ఎరుపురంగు తీసేవారు, బెరడు కషాయం జ్వరానికి ఇచ్చేవారు. 1861 నుంచి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధంలో ఉత్తరాదివాళ్ళు దక్షిణాది రేవులు దిగ్బంధించగా క్వినైను దొరక్క, అక్కడి వైద్యులు మలేరియాకు ఈ బెరడే వాడారు. క్వినైనుతో సరితూగే మందు మాత్రం కాదిది. మన సంఘంలో ఇంతమంది డాక్టర్లుండగా ఎవరూ కషాయాలు కాచనక్కరలేదు. లేతకొమ్మ బెరడు తీసి, చివర నమిలి పళ్ళు తోముకునే అలవాటు కూడా ఉండేదని పాత వైద్యగ్రంథాల్లో రాశారు. మామగారికి ఇది చదివి వినిపించగానే ఆయన వేపపుల్ల లేని లోటు తీర్చుకుందామని బయలుదేరారు. ఆ చచ్చిన చెట్టు పుల్ల వద్దని ఆపేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది.

ఇక్కడి పల్లెటూరి రైతులకు ఇది పంచాంగం కూడా. ఏప్రిల్ చివర ఎండ ముదిరిందనుకున్నాక, డాగ్‌వుడ్ పూసినప్పుడు నాలుగురోజులు మళ్ళీ చలి కొడుతుంది. దాన్ని డాగ్‌వుడ్ చలి అంటారు. అది పోయేదాకా మొక్కజొన్న వేయరు. మనవాళ్ళు మృగశిర, ఆరుద్ర అని కార్తెలు చూసి విత్తడం వంటిదే. పెరట్లో టమాటా నారు వేసే సభ్యులు దీన్ని గుర్తుంచుకుంటే మంచులో నారు పోగొట్టుకోరు. మేం రెండుసార్లు పోగొట్టుకున్నాం.

డాగ్‌వుడ్‌కు అక్కచెల్లెళ్ళు చాలామంది. ఉత్తరాన వాగులవెంట ఎర్రటి కొమ్మలతో పొదలుగా పెరిగేది ఒకటి. మంచులో దూరంనుంచి నిప్పులా కనిపిస్తుంది. ఆ కొమ్మలతో బుట్టలల్లేవారు. ఇప్పుడు గట్లు కోసుకుపోకుండా వాటి కొమ్మలు పాతి బతికిస్తున్నారు. కెనడా వెళ్ళిన మిత్రులు నేలమీద జానెడు ఎత్తున ఇవే తెల్లపూలు చూసి ఉంటారు, అది బంచ్‌బెర్రీ. పడమటి తీరంలో ఉన్నది నటాల్ పేరు పెట్టుకున్న పసిఫిక్ డాగ్‌వుడ్, బ్రిటిష్ కొలంబియాకు అధికారపుష్పం. మన దేశంలో హిమాలయ వాలుల్లో, గఢ్వాలు ప్రాంతంలో, ఇంకొక అక్క ఉంది. దాని పళ్ళు అక్కడివాళ్ళు తింటారు. తెలుగునాట డాగ్‌వుడ్ లేదు. కాని, మన మెట్టపొలాల గట్లమీద, గుట్టలమీద పెరిగే ఊడుగ చెట్టు, అంకోలం అని కూడా అంటారే, దాన్ని ఇప్పటి వృక్షశాస్త్రజ్ఞులు ఈ కుటుంబంలోనే చేర్చారు. చిన్నప్పుడు ఊడుగపళ్ళు తిన్నవాళ్ళు మనలో కొందరుంటారు. పెరటిచెట్టు మనకు పరాయిదనుకుని కొట్టించాం, వరసకు చూస్తే మేనత్త పోలిక ఉంది.

1989 తర్వాత పదేళ్ళకు పైగా మా ఇంట డాగ్‌వుడ్ లేదు. నర్సరీకి వెళితే ప్రతివాళ్ళూ కౌసా అంటగట్టబోయేవారు. అది జపాను, చైనా, కొరియాలది. తెగులు తట్టుకుంటుంది, ఒక నెల ఆలస్యంగా మొనదేలిన పూలు పూస్తుంది. అందమైనదే, దాన్ని తప్పు పట్టడానికి పరదేశం నుంచి వచ్చిన మాకేం హక్కుంది? అయితే దాని పండు లిచీ అంత ఉంటుంది, మన పిట్టల గొంతులో పట్టదు. ఉడతలకు మాత్రం పండగ. తూర్పు చెట్టునూ కౌసానూ కలిపి రట్గర్స్ విశ్వవిద్యాలయంవారు సంకరజాతులు తెచ్చారు. అవి కాయడమే అరుదు. పూలకోసమైతే ఏదైనా ఒకటే. మాకు కావలసింది అక్టోబరు గోల. ఈలోగా కటాక్టిన్ పార్కులో అన్నీ చచ్చినచోట ఆరోగ్యంగా మిగిలిన మొక్కనుంచి టెనెసీ విశ్వవిద్యాలయంవారు ఒక రకం సాధించి, అపలాచియన్ స్ప్రింగ్ అని పేరు పెట్టారు. 2001 లో దాన్ని తెచ్చి, గోంగూర మడి ఉన్న చోటనే నాటాం. జంటకావాలి కనుక వేరే నర్సరీ నుంచి గింజమొక్క ఇంకొకటి వీధివైపు పెట్టాం. ఆరో ఏట మొదటిసారి బాగా కాసింది. పక్కింటి పెద్దావిడ అప్పటికి లేరు.

నాటదలచుకున్నవారికి మా అనుభవం. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ ఉండే చోటు చూడండి, పొద్దుటి ఎండకు మంచు ఆరి తెగులు తగ్గుతుంది. నీళ్ళు మొదట్లో పోయాలి, ఆకుమీద పోయకూడదు. లాను కోసే మెషిను కాండానికి తగిలితే ఆ గాయంలోంచి తొలిచే పురుగు దిగుతుంది. చుట్టూ రెండు మూడంగుళాల మందాన ఆకుచెత్త వేయండి, కాండానికి మాత్రం ఆనించవద్దు. జింకలున్న చోట నాలుగేళ్ళు తీగకంచె తప్పదు. అడవిలోంచి మొక్క తవ్వి తేకండి, తెగులును ఇంటికి తెచ్చుకున్నట్టే.

మామగారు పట్టుకెళ్ళిన కర్రతో చీరాలలో ఒక వడ్రంగి నాడె చేశాడు. దానితో ఆయన తమ్ముడి మగ్గంమీద మూడు చీరలు నేశారట. 1991 లో మా బావమరిది వస్తూ ఆ నాడెనూ ఒక చీరనూ తెచ్చాడు. చీర ఏడాది తిరక్కుండా కాఫీ మరకలపాలైంది. నాడె మా హాల్లో పుస్తకాల బీరువామీద ఉంది, వచ్చినవాళ్ళు చూడవచ్చు. ఇప్పటికీ అద్దంలా ఉంటుంది.

కిందటి అక్టోబరులో పిట్టలు వదిలిన పళ్ళు ఏరి, గుజ్జు కడిగి, గింజలు తొట్లలో వేసి చలికాలమంతా బయట ఉంచాం. నాలుగు నెలల చలి తగిలితేగాని అవి మొలవవు. పధ్నాలుగు మొక్కలు లేచాయి. తల్లి చెట్టుకున్న తెగులు శక్తి వీటికి పూర్తిగా వస్తుందన్న హామీ మాత్రం మేం ఇవ్వలేం. రెండు మాకు, ఒకటి పక్కింట్లో కొత్తగా దిగిన కుర్రజంటకు. మిగిలిన పదకొండూ ఉగాది సభకు తెస్తాం. జంటగా నాటాలి కనుక ఒకే వీధిలో ఉన్నవాళ్ళు కలిసి తీసుకోవలసిందిగా ప్రార్థన. గోంగూర మడికి ఎండ తగలదని ఎవరైనా జంకితే, మా మడిలో ఉన్న ఎండ జాగా చూపిస్తాం, అక్కడ విత్తుకోండి.